బొట్టు పెట్టిన రైఫిల్

పెట్టె విప్పగానే నాకు మొదట కనిపించింది రైఫిల్ కాదు, దాని మీద అంటించిన పచ్చరంగు స్టిక్కరు. తనిఖీ పూర్తయింది, నాణ్యత సరిగా ఉంది అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. కింద ఎవరో గీకిన సంతకం. స్టిక్కరు ఒక మూల కొంచెం లేచి ఉంటే, గోటితో ఊడదీశాను. దాని కింద చిల్లు. భుజానికి ఆనించే చెక్క మడమని బిగించే స్క్రూ అక్కడ ఉండాలి. స్క్రూ లేదు, స్క్రూ కోసం వేసిన చిల్లు మాత్రం ఉంది. దాని మీదే స్టిక్కరు వేశారు. నేను చిటికెనవేలు అందులో పెట్టి చూసి, మా ఆయన వైపు తిరిగాను. ఆ చిల్లు ఆయనకి చూపించాను.

ఆయన అన్నారు, "సరిపోయింది. ఓట్టని మూసేసి పాస్ అని ముద్ర కొట్టినారు. మన వీధి రోడ్డు ఏసినోళ్ళే దీన్నీ చేసుంటారు."

నేను నవ్వలేదు. ఆ రైఫిల్ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో ఆయనకీ తెలుసు.

తెలియని వాళ్ళ కోసం ఒక మాట. ఇది ప్రాణాలు తీసే తుపాకీ కాదు. గాలితో పనిచేసే ఎయిర్ రైఫిల్. పది మీటర్ల అవతల పెట్టిన కాగితపు కార్డు మీద, నడిమధ్య చుక్కని చిన్న సీసపు గుండుతో కొట్టడం ఆట. కాలేజీ రోజుల్లో కాస్త నేర్చుకున్నాను. తర్వాత పెళ్ళి, ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, మంచాన పడ్డ అత్తగారు. అన్నీ అయ్యాక, నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి క్లబ్బు వాళ్ళ పాత రైఫిల్‌తోనే కొట్టాను. నా కార్డు చూసి క్లబ్బులో కుర్రకారు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఇది గొప్పకే చెబుతున్నాను, నాకేం మొహమాటం లేదు. నా వంట అంతంత మాత్రం. పాట రాదు. నేను ముగ్గు వేస్తే పక్కింటావిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోతుంది. నిలబడి, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఉండటం ఒక్కటే నాకు వచ్చు. అందుకే సొంత రైఫిల్ కొనుక్కున్నాను.

స్క్రూ సంగతి ఫోన్ చేసి చెబితే, పంపిస్తాం అన్నారు. పంపలేదు. మా ఆయనే ఎక్కడో వెతికి ఒకటి తెచ్చి బిగించారు. ఆ వారంలోనే ఆయుధపూజ వచ్చింది.

మాది తొండియార్‌పేట. మా వాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆయుధపూజ మాత్రం ఏ భాషలోనైనా ఒకటే. ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువునీ తుడిచి, గంధం, కుంకుమ పెట్టాల్సిందే. స్కూటరు, ఫ్రిజ్, మిక్సీ, గ్యాసు పొయ్యి, కత్తిపీట, ఇస్త్రీపెట్టె, ఏదీ మిగలదు. మా ఇంట్లో ఆ బొట్లు పెట్టడం మా ఆయన పని. హార్బరు దగ్గర సరుకుల క్లియరింగ్ ఆఫీసులో కాగితాల మీద ముద్రలు కొట్టీ కొట్టీ ఆయనకి అదొక నైపుణ్యం. ఆయన పెట్టిన బొట్టు కొలిచి గీసినట్టు గుండ్రంగా ఉంటుంది. మా వీధిలో ఆటోల వాళ్ళు కూడా బండి తెచ్చి, "సార్, మీ చేత్తో ఒక్క బొట్టు" అని అడిగేవాళ్ళు.

ఆ ఏడు ఏమయిందో గాని, ఫ్రిజ్ మీద బొట్టు కిందికి జారింది. మిక్సీ మీదది తోకచుక్క అయింది. రైఫిల్‌కి జరిగింది మరీ అన్యాయం. గుండు పెట్టే గాడి పక్కన పెట్టబోతే, గంధం గాడిలోకే పోయింది.

"ఏందండీ ఇది? బొట్టు పెట్టమంటే సున్నం కొట్టినట్టు పూసినారే!"

"గంధం నీళ్ళయిపోయిందే. కలిపింది నువ్వే గదా."

నిజమే, కలిపింది నేనే. వాదించే మొహం లేక దూది తీసుకుని గాడి శుభ్రం చేశాను. ఆటోల వాళ్ళు వచ్చే వేళకి ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. వాళ్ళకి నేనే పెట్టాను. ఎవరికీ నచ్చలేదు.

ఆ ఆదివారం క్లబ్బులో కొత్త రైఫిల్ మొదటిసారి భుజానికి ఎత్తాను. కార్డు దగ్గరికి వెళ్ళి చూసి అక్కడే నిలబడిపోయాను. ఒక గుండు పైన, ఒకటి కింద, ఒకటి కార్డు అంచున. పెళ్ళిలో అక్షింతలు పడ్డట్టు చెల్లాచెదురుగా ఉన్నాయి. గురి చూసే సైటు సరిచేసుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. ఇన్నేళ్ళలో నా కార్డు ఎప్పుడూ అలా లేదు.

కొత్త వస్తువు, స్టిక్కరు కింద చిల్లు చూసినదాన్ని, తప్పు రైఫిల్‌ది అనుకోవాలి కదా. అనుకోలేదు. మా నాన్న గుర్తొచ్చారు.

నాన్న కోడంబాక్కం స్టూడియోల్లో సెట్లు కట్టే వడ్రంగి. ఇప్పుడు నాకున్న వయసులోనే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు ఎవరికీ చెప్పలేదు. ఎండ లేకపోయినా, చెమట లేకపోయినా, ఆ చేతిలో ఎప్పుడూ ఒక తుండుగుడ్డ ఉండేది. అది ఎందుకో మాకు తెలిసేసరికి ఆయన సుత్తి పట్టుకోలేని స్థితికి వచ్చారు. చివరి రోజుల్లో అన్నం ముద్ద నోటిదాకా చేరేది కాదు. ఆ వణుకుడు జబ్బు నాకూ వస్తుందేమోనన్న భయం నాలో ఎప్పటినుంచో ఉంది. కార్డు కార్డుకీ కదలని చెయ్యి చూసుకుని ఆ భయాన్ని అణుచుకుంటూ వచ్చాను. నేను రైఫిల్ పట్టుకున్నది పతకాల కోసం కాదని ఆ రోజే నాకు అర్థమైంది.

మా క్లబ్బు కోచ్ నాకంటే చాలా చిన్నవాడు. "అక్కా, ఒక్కసారి క్లబ్బు రైఫిల్‌తో కొట్టి చూడండి, తేలిపోతుంది" అన్నాడు. తేలిపోతుంది. అదే నా భయం. ఆ రైఫిల్‌తోనూ అలాగే పడితే? ఈ రోజు తలనొప్పిగా ఉంది అని ఇంటికి వచ్చేశాను.

అప్పటినుంచి పొద్దున్నే కాఫీ దగ్గర నాదొకటే గోల. రెండు చేతులూ చాపి ఆయన ముందు పెట్టేదాన్ని. "చూడండి, వణుకుతుందా?"

ఆయన పేపరు బల్ల మీద పరుచుకుని చదివేవారు. తల ఎత్తి, నా వేళ్ళని శ్రద్ధగా చూసి, "లేదే. బండ మాదిరి ఉండాది" అనేవారు.

"సరిగా చూడండి."

"సరిగానే చూసినా. బండే."

వేళ్ళ మీద కాగితం పెట్టి చూడమనేదాన్ని. చూసేవారు. ఒక్క రోజూ విసుక్కోలేదు. నాకే ఆయన మీద విసుగొచ్చేది. పెళ్ళాం గుండెలు బాదుకుంటుంటే, ఈ మనిషి సగం గ్లాసు కాఫీ పెట్టుకుని, చక్కెర తగ్గించుకోవాలి నాకు సగం చాలు అంటూ, అంత నిదానంగా ఎలా ఉంటాడా అని.

ఇక మిగిలిన ఆశ కంపెనీ ఒక్కటే. రైఫిల్‌లో లోపముందని వాళ్ళ నోట వస్తే నా చెయ్యి బాగున్నట్టే. ఫోన్ చేశాను. కాసేపు సన్నాయి వినిపించి, తర్వాత ఒక మర్యాదస్తుడి గొంతు వచ్చింది. ఇంగ్లీషులో, "మీ సమస్య ఏమిటో మొదటి నుంచి చెప్తారా మేడమ్?" అంది. చెప్పాను. రెండు రోజుల తర్వాత చేస్తే మరో గొంతు. "మీ సమస్య ఏమిటో మొదటి నుంచి చెప్తారా మేడమ్?" మళ్ళీ చెప్పాను. స్టిక్కరు, చిల్లు, స్క్రూ, అక్షింతలు, అన్నీ. ఎన్నిసార్లు చెప్పానంటే, మా పనిమనిషికి కూడా ఆ ఇంగ్లీషు కంఠతా వచ్చేసింది. నేను ఫోన్ తియ్యగానే "ఫ్రమ్ ద బిగినింగ్ మేడమ్" అని నవ్వేది.

చివరికి రైఫిల్ పంపమన్నారు. పంపాను. చాలా రోజులకి, వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి వచ్చింది. జతగా ఒక ఫొటో. గుండు పెట్టే గాడిని బాగా దగ్గరగా తీశారు. దాని మూలలో ఎర్రగా, పసుపుగా ఎండిన మరక. లోపల బయటి పదార్థం కనిపించింది కాబట్టి వారంటీ వర్తించదట.

ఫొటోని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. దూదికి అందని కుంకుమ వాళ్ళ కెమెరాకి అందింది. బ్యారెల్ చూడండిరా అని పంపితే, బొట్టు చూసి వెనక్కి పంపారు. నా జన్మలో అంత నివ్వెరపోయింది లేదు, అప్పటికి.

ఫోన్ చేశాను. ఇంకో కొత్త గొంతు. మొదటి నుంచి చెప్పమంది. ఈసారి చెప్పలేదు.

"అది కుంకుమ, బాబూ. మీ ఫ్యాక్టరీలో ఆయుధపూజ చెయ్యరా?"

"చేస్తాం మేడమ్. మెషీన్లన్నిటికీ చేస్తాం."

"కుంకుమ పెట్టినందుకు మీ మెషీన్లు వంకరగా పనిచేస్తున్నాయా?"

"మెషీన్‌కి పెట్టొచ్చు మేడమ్. ప్రొడక్టుకి పెట్టకూడదు. మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాను."

"మరి స్క్రూ?"

"కొన్ని పెట్టెల్లో అది విడిగా వస్తుంది మేడమ్."

"నా పెట్టెలో విడిగానూ రాలేదు."

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాను." ఆ తర్వాత గొంతు తగ్గించి, ఏదో ఉపకారం చేస్తున్నట్టు అడిగాడు. "తప్పుగా అనుకోకండి మేడమ్. చాలామంది కస్టమర్లకి రైఫిల్ బాగానే ఉంటుంది, చెయ్యే నిలకడగా ఉండదు. మీ వయసెంత?"

ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక, ఎవరూ చూడకుండా, నా చెయ్యి చూసుకున్నాను. కోపంతో వణుకుతోంది. కోపంతోనే అని ఎవరు చెప్పగలరు? ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ఏడుపు పోయి పట్టుదల వచ్చింది. చెయ్యే కారణమంటున్నారు కదా, చెయ్యే లేకుండా చేసి చూపిద్దాం. రైఫిల్‌ని వైస్‌లో బిగించి కొడతాను. ఇనుప దవడల మధ్య కదలడానికి వీల్లేకుండా బిగిస్తే, ఇక గుండు ఎటుపోయినా అది రైఫిల్ పాపమే. కంపెనీకి మెయిల్ పెట్టాను. బిగించడం దగ్గర్నుంచి కార్డు చూపించేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీసి పంపమన్నారు.

చూలై పేటలో, లేత్ పని చేసే ఒక పట్టరలో మంచి బరువైన వైస్ అద్దెకి దొరికింది. దాన్ని ఆటోలోకి ఎక్కించేటప్పుడు మా ఆయన ఒక చేత్తోనే సాయం పట్టారు. రెండో చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. "ఏందండీ, ఈ వయసులో హీరో స్టైలు? ఆ చెయ్యి గూడా పెట్టండి" అన్నాను. ఆటో అతను నవ్వి, తనే వచ్చి పట్టాడు.

క్లబ్బులో కోచ్ బెంచికి వైస్ బిగించాడు. రైఫిల్‌కి రబ్బరు చుట్టి, దవడల మధ్య పెట్టి, కదిపి చూశాను. పర్వతంలా ఉంది. మా ఆయన నా ఫోన్ పట్టుకుని పక్కన నిలబడి వీడియో తీశారు. నేను వేలి కొసని ట్రిగ్గర్‌కి తాకించి నొక్కుతూ పోయాను, అంతే. తర్వాత కార్డు తెచ్చి ఫోన్ ముందు పెట్టాను.

అక్షింతలు.

వైస్‌లో బిగించిన రైఫిల్ కూడా అక్షింతలే చల్లింది! కోచ్ బ్యారెల్‌లోంచి దూది పెట్టిన కడ్డీ దూర్చి చూశాడు. మధ్యలో ఒకచోట పట్టేసింది. "లోపలే గరుకుంది అక్కా. ఇది ఫ్యాక్టరీలోంచి ఇలాగే వచ్చింది" అన్నాడు. నేను ఆ మాట పూర్తిగా వినకుండానే క్లబ్బు రైఫిల్ అందుకున్నాను. ఇన్నాళ్ళూ ముట్టుకోవడానికి భయపడ్డదాన్ని. భుజానికి ఎత్తాను. ఊపిరి బిగబట్టాను. గుండు మీద గుండు, అన్నీ నడిమధ్య ఒక్క చిల్లులోకే పోయాయి.

ఆ కార్డు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. నాన్న చెయ్యి నాకు రాలేదు. నా చెయ్యి నాదే. అంతమంది ముందు మా ఆయన్ని కావలించుకున్నాను. ఆయన కళ్ళలోనూ నీళ్ళు. ఆ కార్డుని మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"చెప్తానే ఉండా గదే, బండ మాదిరి ఉండాదని" అన్నారు.

వీడియో అదే రోజు పంపాను. ఇక వాళ్ళు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతారో చూద్దామని ఉల్లాసంగా ఎదురుచూశాను.

జవాబు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. భోజనాలయ్యాయి. ఆయన హాల్లో బల్ల మీద పేపరు పరుచుకుని చదువుకుంటున్నారు. నేను పక్క గది గుమ్మం దగ్గర కూర్చుని ఆఫీసు లాప్‌టాప్‌లో మెయిల్ తెరిచాను. మీ వీడియో పరిశీలించాము. అందులో వణుకు ఎక్కువగా కనిపిస్తోంది. కాబట్టి రైఫిల్ స్థిరంగా లేదని భావిస్తున్నాము.

నాకు ఒళ్ళు మండిపోయింది. వైస్‌లో పెట్టింది వణుకుతుందా? కళ్ళున్నాయా వీళ్ళకి? పైకే తిట్టాను. ఆయన తల ఎత్తలేదు. వీళ్ళ మొహాన కొట్టేలా జవాబు రాయాలని వీడియో తెరిచాను. ఇంతకుముందు నేను చూసింది ఫోన్లోనే, అదీ చివర్లో కార్డు కనిపించే చోటు మాత్రమే. ఈసారి పెద్ద తెర మీద మొదటి నుంచి చూశాను.

వణుకుతోంది. వాళ్ళు చెప్పింది నిజమే. రైఫిల్ వణుకుతోంది. రైఫిల్‌తో పాటు వైస్ వణుకుతోంది. వైస్‌తో పాటు బెంచి, బెంచి వెనక గోడ, గోడ మీద పొగతాగరాదు అన్న బోర్డు, అన్నీ ఒకే లయలో, ఆగకుండా వణుకుతున్నాయి. నా వేలు కూడా అందులోనే ఉంది. అదొక్కటే వణికితే వేరు. గోడ ఎందుకు వణుకుతుంది?

ఏదీ వణకడం లేదు. ఫోన్ వణుకుతోంది.

నేను వీడియో ఆపాను. హాల్లోకి వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన చదువుతూనే ఉన్నారు, పేపరు బల్ల మీద. చేతుల్లోకి తీసుకుని చదివి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు. పక్కన సగం గ్లాసు మంచినీళ్ళు. ఫ్రిజ్ మీద కిందికి జారిన బొట్టు మరక ఇంకా అలాగే ఉంది.

"ఏమండీ, ఈ ఫోన్ కాస్త పట్టుకోండి."

ఆయన నవ్వుతూ చెయ్యి చాపబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. తర్వాత చాపారు. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. దాచడానికి ఇక ప్రయత్నించలేదు. ఫోన్ ఆయన వేళ్ళలో అదే లయలో కొట్టుకుంటోంది.

"ఎప్పటినించి?"

"ఆయుధపూజకి ముందే."

"నాకెందుకు చెప్పలా?"

"ఎట్టా చెప్పేది? పొద్దున్నే చెయ్యి చాపుకుని నిలబడతా ఉంటివి. మీ నాయన్ని తలుచుకుని అన్నం మానేస్తివి. ముందు నీది బాగుండాదని తేలనీ, అప్పుడు చెప్దామనుకున్నా."

ఏదో ఒక తప్పు పట్టుకుని ఆయన్ని తిట్టాలనిపించింది. తిట్టడానికి దొరికింది ఇదొక్కటే. "మరి అన్నాళ్ళూ నా చెయ్యి చూసి బండ మాదిరి ఉండాదని అంత గట్టిగా ఎట్టా చెప్పినారు? నన్ను ఊరుకోబెట్టడానికేనా?"

"కాదే" అన్నారు ఆయన. "వణికే చెయ్యి ఎట్టా ఉంటాదో నాకు తెలుసు గదా."

నేను ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ఆయన పక్కన కూర్చుని ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నా లోపల అది ఆగడం లేదు. బల్ల మీద ఫోన్ మోగింది. ఆయనే కళ్ళతో తియ్యమన్నట్టు సైగ చేశారు. ఒక చెయ్యి వదలకుండానే తీశాను.

కంపెనీ నుంచి. ఈసారి ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. నా ఫిర్యాదు పెద్దవాళ్ళ దాకా వెళ్ళిందట. ఈ రోజు నుంచి తనే చూసుకుంటుందట.

"మీ సమస్య ఏమిటో మొదటి నుంచి చెప్తారా మేడమ్?"

నోరు తెరిచాను. ఇన్ని నెలలుగా నిద్రలో లేపినా చెప్పగలిగిన కథ అది. మొదలు ఎక్కడో నాకు తెలియలేదు.